ఎడమచెవిలో కాగితం

రొయ్యల గుంట యజమాని జయరామయ్య గారి చెయ్యి మా ఆయన చెంప మీద పడ్డప్పుడు నేను గుడిసె ముందు మేత బక్కెట్లు కడుగుతున్నాను. చప్పుడుకి తలెత్తి చూస్తే పెంచలకృష్ణ ఎడమచెవిని అరచేత్తో మూసుకుని కట్ట మీద వంగిపోయి ఉన్నాడు. కొట్టినాయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

"ఏరియేటర్లు ఆపేసి ఏం జేస్తాండావురా ఈడ? పోయిన పంట మాదిరి దీన్ని గూడా తేల్చేద్దామనా?"

మేత వేళ రా నాయనా అది! రొయ్యల గుంటలో మేత చల్లేటప్పుడు ఏరియేటర్లు ఆపి తీరాలి. నీళ్లు చిలికే ఆ చక్రాలు తిరుగుతుంటే చల్లిన మేతంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది. ఇందుకూరుపేట మండలంలో పాలు తాగే పిల్లకాయని అడిగినా చెబుతాడు. జయరామయ్య గారికి తెలియక కాదు. ఎండాకాలం పంట అప్పుడు వేరే కాపలావాడు ఉండేవాడట. వాడు గురకపెట్టి నిద్రపోతుంటే ఏరియేటర్లు ఆగిపోయి, తెల్లారేసరికి ఊపిరాడక రొయ్యంతా పైకి తేలి చచ్చింది. అప్పటినుంచి గుంట దగ్గర ఆ హోరు వినబడకపోతే చాలు, ఆయనకి ఒళ్లు తెలియదు. తెలియకపోతే? మనిషిని కొట్టేయడమేనా?

నేను బక్కెట్టు అక్కడే పడేసి పరిగెత్తాను. పెంచల నా వైపు చూసి కళ్లతోనే గమ్మునుండమన్నాడు.

"మేత చల్లతాండామయ్యా," అన్నాడు నెమ్మదిగా.

జయరామయ్య గారు నీళ్లలోకి చూశాడు. మేత గింజలు ఇంకా కిందికి దిగుతూనే ఉన్నాయి. చూశాడు, తువ్వాలు భుజం మార్చుకున్నాడు, "సరేలే, తొందరగా కానీ" అని బండెక్కి వెళ్లిపోయాడు. ఒక్క మాట, అయ్యో పొరపాటైంది రా అన్న ఒక్క మాట ఆ నోట్లోంచి రాలేదు. ఆ రోజు నాకు పుట్టిన మంట ఇంతా అంతా కాదు.

ఆ సాయంత్రం పెంచల ముక్కు చీదితే చెవిలోంచి గాలి బుస్సున వచ్చింది. దూదితో తుడిచితే చిన్న నెత్తుటి చుక్క అంటింది. "మే, లోపల కీచుమంటాంది. ఈ పక్కంతా నీళ్లలో మునిగినట్టుంది," అన్నాడు.

"పోయి చెప్దాం పద. నువ్వు కొడితే మా ఆయన చెవి పోయిందని ఆయన వాకిట్లో నిలబడి చెప్తా నేను."

"చెప్పబాక. నీకు దణ్ణం పెడతా, చెప్పబాక." చేతులు పట్టుకున్నాడు. "చెవుడొచ్చినోడిని ఎవురు పెట్టుకుంటారు గుంట మీద? పంట సగంలో ఉండగా గుడిసె ఖాళీ చెయ్యమంటే యాడికి పోదాం?"

అదీ నిజమే. గుంట కాపలా అంటే కళ్లతో చేసే పని అనుకుంటారు తెలియనివాళ్లు. కాదు, చెవులతో చేసే పని. ఏరియేటర్ల హోరు వింటూనే నిద్రపోతాం. అది ఆగితే మెలకువ వస్తుంది. ఒకప్పుడు జయరామయ్య గారు ఏరియేటర్లు ఆగితే మోగే సైరన్ కూడా పెట్టించాడట గానీ, ఉప్పుగాలికి తుప్పు పట్టి ఒక్క పంటకాలం కూడా నిలవలేదు అది. చివరికి మనిషి చెవే గతి. మా ఆయన చెవులు అలాంటివి, నాలుగు ఏరియేటర్లలో ఒకదాని బేరింగు అరిగినా పడుకున్న చోటునుంచే చెప్పేసేవాడు. అందుకే మైపాడు వైపునుంచి కూడా అతన్ని పిలిచేవాళ్లు. ఇప్పుడు ఆ చెవుల్లో ఒకటి పోయింది. పోగొట్టిందెవరు? ఆ చెవుల్ని నమ్ముకుని ఇంట్లో గుండెల మీద చెయ్యేసుకుని పడుకునే ఆయనే.

వానలు మొదలయ్యాయి. రోజూ నీళ్లలోకి దిగే పని. మేత మిగిలిందేమో ట్రేలు ఎత్తి చూడాలి, పాచి తీయాలి, తాళ్లు బిగించాలి. మెడలోతు నీళ్లలో దిగి పైకొచ్చేసరికి చెవిలోకి గుంట నీళ్లు పోయేవి. నాలుగు రోజులకల్లా చీము కారడం మొదలైంది. తలగడ మీద పచ్చటి మరక, చెప్పలేని వాసన. మా అత్త మాలకొండమ్మ ఫోన్‌లో వెల్లుల్లి కాచిన నూనె పొయ్యమంది. గరిట పొయ్యి మీద పెట్టాను కూడా. అదే సమయానికి మోటార్లు బాగుచేసే యాసీన్ అన్న వచ్చాడు, చూశాడు, పొయ్యి ఆపేశాడు.

"నూనె పొయ్యబాకమ్మా! మా ఫర్జానాకి ఇట్టనే చిల్లు పడితే మేమూ పోసినాం, ఇంకా పుండైంది. నెల్లూర్లో కెజియా డాక్టరమ్మ ఉండాది, ఆమె కాడికి తీసకపో. కొయ్యకుండానే బాగుజేసింది మా దానికి."

"కొయ్యకుండా ఎట్ట?"

"కాగితం అంటించిందమ్మా. నవ్వబాక, నిజంగానే కాగితం."

మేనమామ కూతురి పెళ్లిమాటలని జయరామయ్య గారికి అబద్ధం చెప్పి, గుంటని ఒక పూట యాసీన్ అన్నకి ఒప్పజెప్పి నెల్లూరు బస్సెక్కాం.

డాక్టర్ కెజియా గారు సన్నటి గొట్టం చెవిలోకి పెట్టి, లోపలున్నది టీవీలో చూపించింది. ముత్యం రంగు పొర ఒకటి, దాని కింది భాగంలో నల్లటి కంత. చుట్టూ ఎర్రగా వాచిపోయి ఉంది.

"ఇది కర్ణభేరి. ఇక్కడ చినిగింది. ఎవరన్నా చెయ్యి చేసుకున్నారా?" అని అడిగింది.

"కట్ట మీద జారి పడ్డానమ్మా," అన్నాడు పెంచల.

డాక్టరమ్మ అతన్ని నమ్మలేదు. నా వైపు తిరిగి పైనుంచి కిందికి ఒకసారి చూసింది. ఓరి దేవుడా, నేనే కొట్టాననుకుంటోందని అర్థమై నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. నోరు తెరవబోతే పెంచల బల్ల కింద నా కాలు తొక్కాడు.

"ఎవరు కొట్టినా సరే," అంది ఆమె, "ముందు చీము ఆరాలి. మాత్రలు రాస్తాను, చుక్కలు రాస్తాను. చెవిలోకి బొట్టు నీళ్లు పోకూడదు. మామూలుగా ఇలాంటి చిల్లు తడి తగలకుండా ఉంటే దానంతటదే పూడుకుంటుంది. నువ్వు నీళ్లలో నానబెట్టావు. చీము ఆరిన తర్వాత కూడా పూడకపోతే అప్పుడు కాగితం వేద్దాం."

నీళ్లు తగలకూడదట! గుంట మీద బతికే మనిషికి! తిరిగొచ్చిన రోజునుంచి నీళ్లలో పనంతా నేనే చేశాను. జయరామయ్య గారి బండి చప్పుడు వినబడగానే గట్టెక్కి గుడిసెలో దూరేదాన్ని. పెంచల లుంగీ మోకాళ్లదాకా తడుపుకుని, అప్పుడే నీళ్లలోంచి వచ్చినవాడిలా కట్ట మీద నిలబడేవాడు. చెవిలో దూది కనబడకుండా తలకి తువ్వాలు చుట్టుకునేవాడు.

"ఏందిరా ముసిలోడి మాదిరి ఆ చుట్టుడు?" అని అడిగాడు ఒకసారి ఆయన.

"మంచు అయ్యా," అన్నాడు మా ఆయన. నాకు పళ్లు నూరుకోవడం తప్ప ఏమీ చెయ్యడానికి లేకపోయింది.

చీము ఆరింది. చిల్లు మాత్రం పూడలేదు. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ చెవిలో మొద్దుబార్చే మందు వేసి, సన్నటి పుల్లకి ఏదో ఘాటు మందు అద్ది చిల్లు అంచుల చుట్టూ రాసింది. పెంచల పిడికిళ్లు బిగించి కూర్చున్నాడు. ఆ తర్వాత చిటికెన వేలి గోరంత కూడా లేని తెల్లకాగితం ముక్క ఒకటి కత్తిరించి, సన్న పట్టకారుతో పట్టుకుని లోపలికి తీసుకెళ్లి చిల్లు మీద అతికించింది.

"అంచుల్లో పాత చర్మం ముదిరిపోయి ఆగిపోయిందమ్మా. మందు పెట్టి దాన్ని మళ్లీ పచ్చిచేశాను. ఇక అది పెరగాలంటే పాకడానికి ఏదన్నా ఉండాలి కదా. సొరతీగకి పందిరి వేస్తామే, అలాగనుకో ఈ కాగితం. చర్మం దీన్ని పట్టుకుని ఆ గట్టుకి చేరుకుంటుంది. ఆ తర్వాత కాగితం దానంతటదే ఊడి బయటికి వస్తుంది."

పెంచల ఉన్నట్టుండి తల పైకెత్తాడు. ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"మే, ఆ ఫ్యాను టకటకమంటాంది. ఇందాక లేదు."

"ఇందాక కూడా ఉంది. నీకు ఇప్పుడు వినబడుతోంది," అని నవ్వింది డాక్టరమ్మ. కంత మూసుకోగానే కొంత వినికిడి అప్పటికప్పుడే వస్తుందట. ఆ మాటకి పెంచల ముఖం చూడాలి! బస్సులో నన్ను ఎడమపక్కన కూర్చోబెట్టుకుని ఊరొచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడమన్నాడు. మాట్లాడాను. తిట్టాను కూడా, అయినా నవ్వుతూనే ఉన్నాడు.

ముక్కు చీదకూడదు, బరువులు ఎత్తకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బీడీ మానాలి. అన్నీ చేశాడు పాపం. కానీ వానకి గుంట నీళ్లు పులిసిపోతున్నాయని జయరామయ్య గారు సున్నం చల్లమన్నాడు. సున్నం పొడి ముక్కులోకి పోయింది. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. పెద్దమనిషి ముఖం మీద నోరు తెరిచి తుమ్మడం ఎట్టా అని నోరు, ముక్కు తువ్వాలుతో గట్టిగా నొక్కుకుని తుమ్మాడు నా మొగుడు. గాలి వెళ్లడానికి వేరే దారి లేక చెవిలోంచి వెళ్లింది. కాగితం పక్కకి ఎగిరిపోయింది.

కొట్టిన మనిషికి మర్యాద చెయ్యబోయి పోగొట్టుకున్నాడు. నేను ఆ పూట అన్నం తినలేదు. అతను నా ఎదురుగా కూర్చుని, "తప్పే మే, తప్పే" అంటూనే ఉన్నాడు.

మూడోసారి డాక్టరమ్మ కాగితం మళ్లీ వేసింది గానీ ఈసారి నవ్వలేదు. "చర్మం కొంచెం పాకింది, బాగానే ఉంది. కానీ ఈ కాగితం కూడా నిలవకపోతే, లోపల మళ్లీ తడి తగిలితే, ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిందే. ఆ తర్వాత చాలా రోజులు పని మానాలి," అంది. పని మానితే ఇంకేముంది, గుడిసె ఖాళీ చెయ్యడమే.

నన్ను ఎక్కువ భయపెట్టింది తడి కాదు, నిద్ర. పెంచల పుట్టినప్పటినుంచీ కుడిపక్కకి తిరిగే పడుకుంటాడు. మంచి చెవి తలగడలో కూరుకుపోతుంది, కాగితం చెవి పైకి ఉంటుంది, దాంట్లోనేమో దూది. ఏరియేటర్లు కాదు గదా, పక్కన తాటిచెట్టు కూలినా తెలియదు. అందుకని ఖాళీ మేతసంచులు మడిచి, మూటకట్టి, కుడిపక్కన అడ్డంగా పెట్టి అతన్ని ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టేదాన్ని. నిద్రలో మూటని తన్నేసి మళ్లీ తిరిగేవాడు. నేను కునుకు తీస్తూ, లేస్తూ, తిప్పుతూ ఉండేదాన్ని. ఆ వానాకాలమంతా నేను కడుపునిండా నిద్రపోయిన పూట లేదు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు సూర్యుడు కనబడలేదు. ముసురు పట్టిన రోజుల్లో నీళ్లలో గాలి తగ్గిపోతుంది, పగలు కూడా ఏరియేటర్లు ఆపకూడదు. రొయ్య చేతికి వచ్చే సమయం, ఇంకో రెండు వారాల్లో పట్టుబడి. డాక్టరమ్మ రాసిన మాత్రలు అయిపోయాయి. తెల్లారేదాకా మేలుకుని ఉన్న పెంచలని మధ్యాహ్నం పడుకోబెట్టి, మూట అడ్డం పెట్టి, తలుపు దగ్గరగా వేసి నేను ఇందుకూరుపేట మందులషాపుకి వెళ్లాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటో నన్ను రోడ్డు మీద దించేసింది. మామూలుగా ఆ మలుపు దగ్గరికి వస్తే చాలు, మా ఏరియేటర్ల హోరు వినబడుతుంది. ఆ రోజు కప్పల అరుపులు మాత్రమే వినబడ్డాయి.

వెంటనే చెప్పులు వదిలేసి పరిగెత్తాను. కట్ట మీదికి ఎక్కి చూస్తే నాలుగు ఏరియేటర్లూ ఆగి ఉన్నాయి. నీళ్ల మీద చినుకులు పడుతున్నాయనుకున్నాను. చినుకులు కావు, మీసాలు. రొయ్యలు పైకి తేలి మూతులు బయటపెట్టి గాలికోసం కొట్టుకుంటున్నాయి. గుడిసె తలుపు తోస్తే లోపల ఫ్యాను చక్కగా తిరుగుతోంది, దాని కింద పెంచల కుడిపక్కకి తిరిగి హాయిగా పడుకుని ఉన్నాడు. మూట మంచం కింద పడి ఉంది. కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. అలా పోతే మోటార్లు ఆగిపోతాయి, ఇంటి కరెంటు మాత్రం ఉంటుంది. ఫ్యాను ఆగి ఉంటే ఉక్కపోతకైనా లేచేవాడు.

"మామా! తేలింది!"

ఒక్క ఉదుటున లేచాడు. నా ముఖం చూశాడు. ఇద్దరం జనరేటర్ దగ్గరికి పరిగెత్తాం. రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది. మూడు ఏరియేటర్లు తిరిగాయి. నాలుగోది, తూర్పుమూలది, గుర్రుమని ఆగిపోయింది. కాకులు రాకుండా గుంట మీద కట్టిన నైలాను తాడు ఒకటి గాలికి తెగి దాని చక్రానికి చుట్టుకుపోయింది. రొయ్యంతా ఆ మూలకే చేరి ఉంది.

పెంచల చొక్కా విప్పేశాడు. కత్తి చేతిలోకి తీసుకున్నాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు దిగబాక."

"తప్పుకో మే. ఆడ లోతు. నీకు ఈత రాదు."

"డాక్టరమ్మ ఏం జెప్పింది? అది తడిసిందంటే నీ చెవి పోయినట్టే. నువ్వు స్విచ్చి కాడ నిలబడు. నేను తాడు కోసేదాకా దానికి కరెంటు పెట్టబాక."

కత్తి లాక్కుని దిగేశాను. బురదలో కాలు దిగబడింది, నడుము దాటింది, గుండెలదాకా వచ్చింది, గడ్డం కింద ఆగింది. ఏరియేటర్ని గట్టుకి కట్టిన తాడు పట్టుకుని జరుగుతూ వెళ్లాను. రొయ్యలు చేతులకి, మెడకి తగులుతూ ఎగురుతున్నాయి. ఏరియేటర్ తెప్పని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నైలాను తాడుని కోస్తున్నాను. కొయ్యా కొయ్యా రాదు. పెంచల కట్ట మీద స్విచ్చి పెట్టె దగ్గర నిలబడి, నా మీదనుంచి చూపు తిప్పకుండా ఉన్నాడు.

అప్పుడు కనబడ్డాడు జయరామయ్య గారు. పడమటి కట్ట మీద బండి పడేసి పెంచల వెనకనుంచి వస్తున్నాడు. ఎడమపక్కనుంచి.

"ఒరే! ఏందిరా అది! ఆడమనిషిని నీళ్లలోకి దించి నువ్వు గట్టున నిలబడతావా? ఒరే, నిన్నే!"

జనరేటర్ మోతలో కూడా నీళ్లలో ఉన్న నాకు వినబడింది. దూది పెట్టుకున్న ఆ చెవికి వినబడలేదు. పెంచల తల తిప్పలేదు.

"పిలస్తాంటే లెక్కలేదా నీకు?"

చెయ్యి లేచింది. అదే చెయ్యి, అదే వైపు. నాకు నీళ్లు, భయం, పంట, గుడిసె ఏదీ గుర్తులేదు.

"అయ్యా, ఆగు!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ చెవికి వినపడదు. అది మీరు పగలగొట్టిన చెవే. రెండోదన్నా ఉండనీ, మీ గుంట దాంతోనే బతకతాంది!"

ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పెంచల నా అరుపు విని, నా చూపు ఎటుందో చూసి వెనక్కి తిరిగాడు. ఆయన్ని, ఆ చేతిని చూశాడు. తప్పుకోలేదు. తువ్వాలు జారి దూది కనబడుతోంది.

జయరామయ్య గారు చెయ్యి దించి పంచెకి తుడుచుకున్నాడు, అంటుకున్నదేమీ లేకపోయినా. తర్వాత పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. మెల్లగా నా దగ్గరికి వచ్చి తెప్ప రెండో కొస పట్టుకున్నాడు.

"నేను పట్టుకున్నాలేమ్మా. నువ్వు రెండు చేతులతో కొయ్యి," అన్నాడు.

కోశాను. ఇద్దరం గట్టెక్కాక పెంచల స్విచ్చి వేశాడు, నాలుగోది తిరిగింది. ఒక తట్టెడు రొయ్య పోయింది, మిగతాది మెల్లగా కిందికి దిగిపోయింది. జయరామయ్య గారు తడిబట్టలతో కాసేపు నీళ్లు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత పెంచలకి ఎడమపక్కన ఉన్న ఆయన వెనకనుంచి చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చి, "ఏ డాక్టరు?" అని అడిగాడు.

"కెజియా డాక్టరమ్మ అయ్యా."

"ఊ," అన్నాడు. బండెక్కి వెళ్లిపోయాడు. అంతే!

"అనకుండా ఉంటే పోయేది గదా మే," అన్నాడు పెంచల, ఆయన వెళ్లాక.

"అనకుండా ఉంటే రెండోసారి పడేది నీకు. నువ్వు ఓర్చుకుంటావేమో, నేను ఓర్చుకోను. పొమ్మంటే పోదాం. నా చేతులు పడిపోలా."

పైకి అంత గట్టిగా అన్నానే గానీ లోపల అంత ధైర్యం లేదు. పట్టుబడి కాగానే లెక్కచూసి పంపించేస్తాడని ఇద్దరికీ అనుమానమే. గిన్నెలు, బట్టలు ఏ మూటలో ఏది కట్టాలో కూడా మనసులో అనుకున్నాను. ఆయన మాత్రం రోజూ వస్తున్నాడు, నీళ్లు చూస్తున్నాడు, ట్రే చూస్తున్నాడు. పొమ్మనీ అనడు, ఉండమనీ అనడు. అరవడం కూడా లేదు. వచ్చినప్పుడల్లా చుట్టూ తిరిగి పెంచల కుడిపక్కకి వస్తాడు, మెల్లగా మాట్లాడి వెళ్తాడు. ఆ నిదానం చూస్తే నాకు ఇంకా భయమేసేది.

పట్టుబడికి నాలుగైదు రోజుల ముందు నెల్లూరు వెళ్లాం. ఈసారి అబద్ధం చెప్పే పని లేకపోయింది. డాక్టరమ్మ గొట్టం పెట్టి టీవీ నా వైపు తిప్పింది. కాగితం ముక్క గులిమితో కలిసి చెవి గోడ పక్కకి వచ్చేసి ఉంది, ఎండిన ఆకులాగా. దాని వెనక కంత కోసం వెతికాను. కనబడలేదు. పల్చటి పొర, మెరుస్తోంది.

"మూసుకుపోయింది నాయనా. ఇంకా లేతగా ఉంది, కొన్నాళ్లు తడి తగలనివ్వకు," అంది ఆమె. గాజుగదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష కూడా చేయించి, బాగుందంది. పెంచల లేచి ఆమె కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగి, నా వైపు చూసి, "నువ్వు మాత్రం ఇంకెప్పుడూ చెయ్యి చేసుకోకమ్మా," అంది. అప్పుడు చెప్పాను, కొట్టింది నేను కాదని. పెంచల ఈసారి నా కాలు తొక్కలేదు.

గాజుగది పరీక్ష నాకెందుకు? నా పరీక్ష నాకుంది.

మర్నాడు మబ్బు విడిచి బాగా ఎండ కాసింది. ఎండ కాసే వేళ నీళ్లలో గాలికి లోటుండదు, కాసేపు ఏరియేటర్లు ఆగినా ఏమీ కాదు. పెంచల అన్నం తిని పడుకున్నాడు. మూట అడ్డం పెట్టలేదు నేను. కుడిపక్కకి తిరిగాడు, మంచి చెవి తలగడలోకి వెళ్లిపోయింది. ఎడమచెవిలో దూది లేదు. గాఢంగా నిద్రపట్టేదాకా ఆగి, చప్పుడు కాకుండా స్విచ్చి పెట్టె దగ్గరికి వెళ్లి ఎర్రబొత్తాం నొక్కాను.

నాలుగు చక్రాలూ నెమ్మదించి ఆగిపోయాయి. దూరంగా సముద్రం వినబడింది. నేను గుడిసె తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. తలుపు కదల్లేదు. పచ్చబొత్తాం మీద వేలు పెట్టాను, నొక్కి మళ్లీ తిప్పేద్దామా అనిపించింది. ఇంకొంచెం ఆగాను. లే మామా, లే, ఒక్కసారి లే అనుకుంటున్నాను.

తలుపు ధడేల్‌మని తెరుచుకుంది. లుంగీ సరిగ్గా చుట్టుకోకుండానే బయటికి దూకాడు.

"ఎవురు ఆపింది? ఫేజు పోయిందా? జనరేటరు..." నన్ను చూశాడు. నా వేలు చూశాడు. "నువ్వా? నీకు పిచ్చిగాని పట్టిందా మే? ఏసెయ్ ముందు!"

వేశాను. చక్రాలు తిరిగాయి. నేను అక్కడే చతికిలబడి వలవలా ఏడ్చేశాను. ముందు అర్థం కాలేదు అతనికి. తర్వాత ఎడమచెవి మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు, నా పక్కన కూర్చున్నాడు.

అంతలోనే బండి చప్పుడైంది. నాకంటే ముందు అతనికే వినబడింది. "అయ్య వస్తాండాడు, లే," అన్నాడు. నేను కళ్లు తుడుచుకుని లేచాను.

జయరామయ్య గారు బండి స్టాండు వేశాడు. పెంచలకి ఎడమపక్కనంతా పొడిగా, వెడల్పుగా ఉంది కట్ట. కుడిపక్కన నీళ్ల అంచున జానెడు దారి, అదీ బురద. ఆయన చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, పెంచల వెనకనుంచి చుట్టూ తిరిగి, ఆ బురదలోకి దిగి కుడిపక్కన నిలబడ్డాడు.

"పట్టుబడి అయినాక గుంట ఎండగట్టి, సంక్రాంతి పోయినాక మళ్లీ రొయ్యపిల్ల ఏద్దాం అనుకుంటాండా," అన్నాడు మెల్లగా. "ఉంటారు గదా మీరు?"

"ఉంటామయ్యా," అన్నాడు పెంచల.

ఆయన తలూపి, వచ్చిన దారినే బురదలో తిరిగి వెళ్లాడు. బండి మలుపు దాటాక నేను అడిగాను.

"చెవి బాగైందని చెప్పేద్దామా మామా?"

పెంచల బురదలో పడ్డ ఆ పాదాల గుర్తులు చూశాడు.

"చెప్పబాక," అన్నాడు. "అట్టనే తిరిగి రానీ."

ఆ తర్వాత రెండు పంటలు తీశాం ఆ గుంట మీద. మేము ఇప్పటికీ చెప్పలేదు. ఆయన ఇప్పటికీ కుడిపక్కకే వస్తాడు.